పిట్టకు ఎంత దూరంలో నిలబడాలి?

పోలవరం అనగానే ఈనాడు ఎవరికైనా ముందు తట్టేది ప్రాజెక్టు. కాస్త వయసు మీరినవారికైతే పాపికొండల పడవ ప్రయాణమూ, పట్టిసీమ వీరభద్రుడి శివరాత్రి తిరునాళ్ళూ జ్ఞాపకం వస్తాయి. కాని మాఘమాసపు మంచు విడీ విడని వేళ, గోదావరి గట్టున ముక్కాలి స్టాండ్లు పాతుకొని, ఊపిరి బిగబట్టి ఇసుక తిన్నెలకేసి చూస్తూ నిలబడే మనుషులు కొందరు ఈమధ్య బయల్దేరారు. వాళ్ళకు ఆ ఆనకట్టతోనూ పని లేదు, ఆ తిరునాళ్ళతోనూ పని లేదు. వాళ్ళు పిట్టల భక్తులు.

ఏ భక్తిలోనైనా రెండు శాఖలుండడం మన దేశంలో ఆచారం. ఇక్కడా ఉన్నాయి. ఒక శాఖవారి చేతుల్లో కెమెరాకు తగిలించిన పొడుగాటి టెలిఫోటో లెన్సు ఉంటుంది. చూడడానికి అది చిన్న ఫిరంగిలా ఉంటుంది. రెండో శాఖవారి దగ్గర స్పాటింగ్ స్కోపు అనే దుర్భిణి ఉంటుంది. దానికి వెనకవైపున, కన్ను పెట్టి చూసే చోట, మామూలు సెల్‌ఫోనును అతికించి ఫోటో తీస్తారు. ఈ పద్ధతికి డిజిస్కోపింగ్ అని పేరు. మొదటివారు రెండోవారిని చూసి, "అదీ ఒక ఫోటోయేనా?" అంటారు. రెండోవారు మొదటివారిని చూసి, "ఆ ఖర్చుతో ఇంటికి మేడ వెయ్యవచ్చునే!" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం లేకపోలేదు.

తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాడికి ఈ అద్దాల తగాదా ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆదికవి నోట మొదటి శ్లోకం పుట్టింది ఒక పిట్టను వేటగాడు కొట్టినందుకే కదా! పిట్టకూ మనిషికీ నడుమ ఎంత దూరం ఉండాలన్న ప్రశ్న ఆనాటిది. బాణం పోయి తుపాకీ వచ్చింది, తుపాకీ పోయి కెమెరా వచ్చింది. ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది.

తుపాకీ సంగతి ఊరికే అన్నమాట కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పక్షిశాస్త్రమంటే కాల్చి, తోలు తీసి, దూది కూరి, చీటీ కట్టడమే. 1862 నుంచి 1864 దాకా భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం వెలువరించిన జెర్డన్ దొర మన నెల్లూరులో డాక్టరుగా పనిచేసినవాడే. ఆయనా, ఆయన తరంవారూ కొత్త పిట్ట కనిపిస్తే కాల్చిన తరవాతనే పేరు పెట్టేవారు. 1931, 32 సంవత్సరాలలో సలీం అలీ నైజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు కూడా తుపాకీ వెంట ఉండవలసిందే. చేతిలోకి వస్తేనే రుజువని అప్పటి నమ్మకం. ఈనాడు ఆ రుజువు పని ఫోటో చేస్తున్నది. అంచేత ఫోటో తీసే పనిముట్టు ఏదన్నది పిట్టకు కూడా సంబంధించిన వ్యవహారమే.

స్కోపు పుట్టుక

స్పాటింగ్ స్కోపు కొత్త వస్తువేమీ కాదు. ముందువైపు 65 నుంచి 85 మిల్లీమీటర్ల వ్యాసం గల అద్దం, లోపల బొమ్మను తలకిందులు కాకుండా నిలబెట్టే పట్టకాలు, వెనకవైపు కన్ను పెట్టే గొట్టం. సాధారణంగా ఇరవై రెట్ల నుంచి అరవై రెట్ల దాకా పెద్దది చేసి చూపిస్తుంది. నక్షత్రాలు చూసే దుర్భిణిలో తలకిందుల చంద్రుడు కనిపించినా మనకు ఇబ్బంది లేదు. తలకిందుల కొంగ కనిపిస్తే మాత్రం చిక్కే. అందుకే దీనికి ఆ పట్టకాలు.

దీనికి కెమెరా తగిలించవచ్చునని లోకానికి చాటినవాడు మలేషియా దేశపు పక్షి ప్రేమికుడు లారెన్స్ పో. అప్పుడప్పుడే బజారులోకి వచ్చిన చిన్న డిజిటల్ కెమెరాను స్కోపు కంటిగొట్టం దగ్గర పెట్టి చూస్తే, అనుకోకుండా బ్రహ్మాండమైన బొమ్మ పడింది. ఆ పద్ధతికి 1999లో డిజిస్కోపింగ్ అని నామకరణం చేసినవాడు అలాన్ ఫోసే అనే ఫ్రెంచి పక్షి పరిశీలకుడు. తరవాత ఫోను కెమెరాలు బాగుపడ్డాయి. ఫోనును స్కోపుకు సరిగ్గా బిగించే తొడుగులు అమ్మకానికి వచ్చాయి. ఈనాడు జేబులో ఫోను లేనివాడు లేడు. అందుచేత స్కోపు ఒక్కటి సమకూరితే సగం పని అయినట్లే.

లెక్క చూస్తే ఏమంటుంది?

లెక్కలంటే భయపడేవారు కూడా ఈ నాలుగు ముక్కలు చదవాలని మనవి. ఇందులో కూడికలూ భాగహారాలూ తప్ప మరేమీ లేవు.

టెలిఫోటో లెన్సును దాని నాభ్యంతరంతో కొలుస్తారు. 600 మిల్లీమీటర్ల లెన్సంటే పిట్టల వేటలో పెద్ద లెన్సు. స్కోపు సంగతి వేరు. ఫోను లెన్సు పెద్ద కెమెరా లెక్కలో దాదాపు 25 మిల్లీమీటర్లకు సమానం. దాన్ని స్కోపు ఎన్ని రెట్లు పెంచుతుందో అన్నిటితో గుణించాలి. ఇరవై రెట్ల దగ్గర 500. నలభై దగ్గర 1000. అరవై దగ్గర 1500. అంటే పెద్ద లెన్సు ఆగిపోయిన చోట స్కోపుకు ఇంకా సగం దారి ఉన్నదన్నమాట.

ఇక వెలుతురు. 600 మిల్లీమీటర్ల, ఎఫ్ 4 లెన్సుకు ముందు ద్వారం ఎంత? 600ను 4తో భాగిస్తే 150 మిల్లీమీటర్లు. స్కోపు ముందు అద్దం 80 అనుకుందాం. రెండు కిటికీల వైశాల్యాలు పోల్చి చూస్తే పెద్ద లెన్సులోకి సుమారు మూడున్నర రెట్లు ఎక్కువ వెలుతురు వస్తుంది. పైగా స్కోపులో రెట్లు పెంచుతున్నకొద్దీ ఆ ఉన్న వెలుతురే పలచబడిపోతుంది. ఇరవై రెట్ల దగ్గర కంటిగొట్టం నుంచి 4 మిల్లీమీటర్ల లావు వెలుగుకడ్డీ బయటికి వస్తుంది. అరవై దగ్గర అది మిల్లీమీటరున్నర కూడా ఉండదు. కాబట్టి చీకటి చెట్ల కింద స్కోపు గుడ్డిదైపోతుంది.

వెలుతురు ఎక్కువ ఉంటే ఏమిటి లాభం? తెర చిటికెలో తెరిచి మూయవచ్చును. రెక్క విప్పిన పిట్టను సెకనులో రెండువేలో వంతు కాలంలో కట్టిపడేస్తే ఈక ఈకా లెక్కపెట్టవచ్చు. కొత్త కెమెరాలైతే పిట్ట కన్ను ఎక్కడున్నదో వాటంతట అవే వెతికి పట్టుకుంటాయి. స్కోపుకు ఆ సౌకర్యం లేదు. చేత్తో చక్రం తిప్పుకొని, ఫోకస్ కుదుర్చుకొని, పిట్ట కదలకుండా ఉండాలని మొక్కుకోవాలి. ఎగిరే పిట్టను స్కోపుతో ఫోటో తీయడమంటే సూది బెజ్జంలోంచి ఊరేగింపు చూడడం లాంటిది.

ఇప్పుడు అసలు లెక్క. గోదావరి తిన్నెల మీద టెర్న్ అనే తెల్లని ఏటి పక్షి ఉంటుంది. పసుపుపచ్చని ముక్కు, నల్లటి టోపీ పెట్టినట్లున్న తల, కత్తెరలా చీలిన తోక. పొడుగు సుమారు 40 సెంటీమీటర్లు. ఫోటో వెడల్పులో పదో వంతైనా ఆ పిట్ట కనిపించాలనుకోండి. 600 లెన్సు పట్టుకున్నవాడు దాని దగ్గరికి 67 మీటర్ల దాకా నడవాలి. 1500కు సమానమైన స్కోపు పట్టుకున్నవాడు 167 మీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు.

నడుమ తేడా నూరు మీటర్లు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ నూరు మీటర్ల సంగతే.

లెన్సుకు రెట్టింపు చేసే అద్దం తగిలించవచ్చు గదా అని ఆ శాఖవారు అంటారు. తగిలించవచ్చు. 600 కాస్తా 1200 అవుతుంది. వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. తీసిన బొమ్మను తరవాత కత్తిరించి పెద్దది చేసుకోవచ్చునని కూడా అంటారు. అదీ నిజమే. ఎక్కువ చుక్కల కెమెరాలు ఆ పనికి బాగానే ఓర్చుకుంటాయి. అయినా బొమ్మ పెద్దదవుతుందంటే మరో పది అడుగులు ముందుకు వెయ్యని ఫోటోగ్రాఫరును నేను ఇంతవరకూ చూడలేదు.

తిన్నె మీద

పోలవరం దగ్గర గోదావరి కొండల నడుమనుంచి విడుదలై ఒళ్ళు విరుచుకుంటుంది. అక్కడినుంచి ధవళేశ్వరం దాకా మధ్య మధ్య ఇసుక తిన్నెలూ, లంకలూ. చలికాలం వెళ్ళి ఎండలు ముదిరే రోజుల్లో నీరు తగ్గుతుంది, తిన్నెలు బయటపడతాయి. మనకు అది వట్టి ఇసుక. కొన్ని పిట్టలకు అదే పురిటిల్లు.

టెర్న్ గూడు కట్టదు. ఇసుకలో పొట్టతో ఒక చిన్న గుంట చేసుకొని రెండో మూడో గుడ్లు పెడుతుంది. గుడ్ల రంగు ఇసుకలోనూ గులకరాళ్ళలోనూ కలిసిపోతుంది. కాలి కింద పడేదాకా కనిపించవు. సుమారు మూడు వారాలు పొదగాలి. అది ఎప్పుడనుకున్నారు? ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా, చెప్పులు లేకుండా ఇసుక మీద మనం రెండడుగులు వెయ్యలేని రోజుల్లో. ఇక్కడ పొదగడమంటే వెచ్చచెయ్యడం కాదు, ఎండ తగలకుండా గొడుగు పట్టడం. ఈ జాతి పిట్టలు నీళ్ళలో పొట్ట తడుపుకొని వచ్చి ఆ తడి గుడ్లకు అద్దుతాయి కూడాను. తల్లి లేచిపోయి కాసేపు తిరిగి రాకపోతే గుడ్డు లోపలే ఉడికిపోతుంది. ఆలోగా కాకి చూసిందా, కుక్క చూసిందా, ఆ ఏటికి ఆ సంసారం ముగిసినట్లే.

టెర్న్ ఒక్కటే కాదు. తీతువు పిట్టల జాతులు, చిన్న ప్రాటింకోలు అనే ఇసుక రంగు పిట్టా తిన్నెల మీదనే పిల్లలు చేస్తాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘంవారి ఎర్ర జాబితాలో ఈ నది టెర్న్ ఇప్పుడు అపాయానికి లోనైన జాతుల వరసలో చేరింది. మనం చిన్నప్పటినుంచీ చూస్తున్న పిట్టే గదా అని ఊరుకొనే రోజులు కావు.

లెన్సు పట్టుకున్నవాడు చెడ్డవాడు కాడు. పిట్టమీద ప్రేమతోనే వస్తాడు. కాని లెన్సు అతన్ని పిలుస్తుంది. "మరి కాస్త దగ్గరికి, మరి కాస్త," అంటుంది. పిట్ట లేస్తుంది. తలమీద గిరగిరా తిరుగుతూ అరుస్తుంది. ఎగిరే పిట్ట బొమ్మ అద్భుతంగా వస్తుంది. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ పిట్ట ఎందుకు ఎగిరిందో బొమ్మలో ఉండదు.

ఈ సంగతి నాకు మొదట బోధపరిచినవాడు పుస్తకం ముట్టని ఒక పడవ సరంగు. పట్టిసీమ రేవులో ఒకసారి, పిట్ట మమ్మల్ని ఇంకా చూడలేదని నేను అంటే అతను నవ్వాడు.

"అదేంటండి మేష్టారూ! మనం రేవు దిగినప్పుడే చూసేసిందండి. లేవాలా వద్దా అని ఆలోచించుకుంటాందంతే. తల నిక్కబెట్టిందా, అక్కడ ఆగిపోవాలండి. అదే దాని గుమ్మం."

అదే దాని గుమ్మం! ఇంతకన్న చక్కటి సూత్రం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. పిలవని ఇంట్లోకి మనం గుమ్మం దాటి పోము. పిట్ట విషయంలో గుమ్మం ఎక్కడున్నదో అదే చెబుతుంది. తింటున్నది తినడం మానుతుంది, తల నిక్కిస్తుంది, రెండడుగులు పక్కకు వేస్తుంది. ఆ తరవాత మన అడుగు ముందుకు పడితే దానికి మర్యాద అని పేరు లేదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థం చాలా పెద్దది. అడవి పక్షి గుడ్లను పాడుచెయ్యడమే కాదు, గుడ్లనుగాని గూటినిగాని కదిలించి కలతపెట్టడం కూడా ఆ మాట కిందికే వస్తుంది. చేతిలో తుపాకీ ఉండనక్కరలేదు, కెమెరా ఉన్నా చాలు.

పడవలోనూ, అడవిలోనూ

ఇంతవరకూ చదివి, ఇతను స్కోపు శాఖవాడే అని తీర్పు చెప్పేయకండి. పడవ ఎక్కితే సంగతి మారిపోతుంది.

పడవలో స్కోపు ఎందుకూ పనికిరాదు. నలభై రెట్లు పిట్టను పెంచే అద్దం పడవ వణుకును కూడా నలభై రెట్లు పెంచుతుంది. ఇంజను ఆపినా గోదావరి ఆగదు గదా! ఇక్కడ రాజ్యం లెన్సుది. చేతి వణుకును సర్దుకొనే యంత్రం దాని కడుపులోనే ఉంటుంది. నీటిమీద ఒక్కచోట రెక్కలాడిస్తూ నిలబడి, గభాలున రాయిలా పడే నల్లతెల్ల లకుముకి పిట్టను పట్టుకోవాలంటే లెన్సు తప్ప గతి లేదు. కాకినాడ తీరానికి చలికాలంలో వచ్చే స్కిమ్మరు అనే పిట్ట ఉన్నది. దాని కింది ముక్కు పై ముక్కుకన్న పొడుగు. ఎగురుతూ ఆ కింది ముక్కుతో నీటిని దున్నుకుంటూ పోతుంది. ఆ దున్నడం ఫోటో తియ్యాలంటే స్కోపు శాఖవారు చేతులు జోడించి పక్కకు తప్పుకోవలసిందే.

అడవిలోనూ అంతే. పాపికొండల అడవిని 1978లో అభయారణ్యంగానూ, 2008లో జాతీయోద్యానంగానూ ప్రకటించారు. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆ చెట్లలో నలుపుతెలుపుల హార్న్‌బిల్ ఉంటుంది. ముక్కు మీద మరో ముక్కు బోర్లించినట్లుండే పెద్ద పిట్ట. ఆకుల సందులో కనిపించేది మూడు క్షణాలు. స్కోపు స్టాండు కాళ్ళు విప్పేలోగా అది గోదావరి దాటిపోతుంది. పైగా అడవిలో చూపు ఆనేది నలభై, యాభై మీటర్లే. నూరు మీటర్ల తేడా మాట అక్కడ చెల్లదు. చీకటి నీడల్లో వెలుతురు పోగుచెయ్యగలిగిన పెద్ద అద్దమే కావాలి.

రెండు శాఖలకూ ఉమ్మడి శత్రువు ఒకటున్నది. ఎండ. పొద్దు నాలుగు బారలెక్కేసరికి ఇసుక కాగుతుంది, ఇసుక మీది గాలి పొయ్యిమీది ఎసరులా కదులుతుంది. ఆ కదిలే గాలిలోంచి చూస్తే కొంగ కాళ్ళు పాముల్లా మెలికలు తిరుగుతాయి. ఎన్ని లక్షల అద్దమైనా నడుమనున్న గాలిని తుడవలేదు. దూరం ఎక్కువైనకొద్దీ ఈ బెడదా ఎక్కువే గనుక, స్కోపువాడు మరీ త్వరగా ఓడిపోతాడు. అంచేత సూర్యోదయం నుంచి రెండు గంటలు పనిచేసి ఇంటికి పోవడం ఉత్తమం. పిట్టలకు కూడా అదే ఉత్తమం.

కొల్లేటి గూడబాతులు చెప్పే పాఠం

ఫోటో బాగుండడం ఒకటి, ఫోటో పనికిరావడం ఒకటి. ఈ భేదం తెలియాలంటే పోలవరం నుంచి దక్షిణంగా కొల్లేటిదాకా పోవాలి.

1946లో కె. కె. నీలకంఠన్ అనే మలయాళీ పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటి పరిసరాలలోని ఆరేడు అనే గ్రామంలో గూడబాతులు వేల సంఖ్యలో గూళ్ళు కట్టుకొని ఉండడం చూశాడు. మన దేశంలో ఈ పక్షులు ఎక్కడ పిల్లలు చేస్తున్నాయో శాస్త్రజ్ఞులకు సరిగా అంతుపట్టని రోజులవి. ఊళ్ళోవారికి మాత్రం అదొక వింత కాదు. పెరట్లో పిల్లి ఈనినట్లే. నీలకంఠన్ ఆ విశేషాన్ని 1949లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో ప్రచురించాడు. తరవాత ఆయన కాలేజీల్లో ఇంగ్లీషు బోధిస్తూ, ఇందుచూడన్ అన్న పేరుతో మలయాళంలో పక్షుల మీద గొప్ప పుస్తకం రాశాడు.

ఆయన రాసిపెట్టబట్టి మనకు తెలిసింది. ఎందుకంటే 1970లు గడిచేసరికి కొల్లేటి ప్రాంతంలో గూడబాతుల గూళ్ళు లేకుండా పోయాయి. ఉన్నాయని రాయకపోయి ఉంటే పోయాయని కూడా ఎవరికీ తెలిసేది కాదు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వం పగలగొట్టించింది. కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీ శాఖవారు నీళ్ళలో ఇనుప మంచెలు పాతితే గూడబాతులు తిరిగివచ్చి, వాటిమీద కాపురం పెట్టాయి. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్లయింది.

ఇప్పుడు ఆటపాకలో గట్టు మీద నిలబడి ఏ పనిముట్టుతో తీసినా ఫోటో పడుతుంది. గూడబాతు పెద్దది, అక్కడి జనానికి అలవాటుపడినది. కాని ఎన్ని గూళ్ళున్నాయి, ఎన్నింటిలో పిల్లలున్నాయి, ఎర్రకాళ్ళ కొంగలెన్ని అని లెక్క కావాలంటే ఓపికగా ఒక కొసనుంచి మరో కొసదాకా తిప్పి చూడగలిగిన స్కోపే చెయ్యాలి ఆ పని. ఏటేటా జనవరిలో ఆసియా ఖండమంతటా నీటిపక్షుల లెక్కలు తీస్తారు. 1987 నుంచి జరుగుతున్న ఈ గణనలో పాల్గొనేవారు స్కోపు లేకుండా బయల్దేరరు. ఉప్పుటేరుల బురదనేలల మీద దిగే వలస పిట్టల కాళ్ళకు కొన్నిటికి శాస్త్రజ్ఞులు రంగు చీటీలు తొడుగుతారు. చీటీ మీది అక్షరాలు దూరాన్నుంచి చదివి ఫోటో తీస్తే, ఆ పిట్ట ఎక్కడ బయల్దేరి ఎక్కడికి వచ్చిందో తేలుతుంది. ఆ బొమ్మలో అందం ఉండకపోవచ్చు. కాని అది సముద్రాలు దాటి వచ్చిన ఉత్తరం మీది తపాలా ముద్ర వంటిది.

మారిపోతున్న నది

పోలవరం దగ్గర ఈ పనికి తొందర ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 2021 జూన్ నెలలో గోదావరిని పాత దారి మళ్ళించి, 48 గేట్ల స్పిల్‌వే గుండా పంపారు. జలాశయం పూర్తిగా నిండినప్పుడు నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు ఉండాలని ప్రణాళిక. ఎగువన ఎన్నో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఇళ్ళూ పొలాలూ వదిలి వెళ్ళినవారి కష్టం ముందు పిట్ట కష్టం చెప్పడం సబబేనా అని నాకు సందేహం కలుగుతుంది. అయినా ఊళ్ళకు ఒక జాబితా ఉన్నది, ఇళ్ళకు లెక్క ఉన్నది, నష్టపరిహారం తగువులున్నాయి. తిన్నెల మీద గుడ్లు పెట్టే పిట్టకు ఏ కాగితం లేదు.

ఎగువ తిన్నెలు నీటి కిందికి పోతే ఆ పిట్టలు ఎక్కడికి పోతాయి? దిగువ తిన్నెలమీదికి వస్తాయా? గేట్లు తెరిచినప్పుడల్లా అకస్మాత్తుగా పెరిగే నీళ్ళకు గుడ్లు నిలుస్తాయా? వీటికి జవాబు ఊహించి చెప్పేది కాదు. ఏటేటా అవే తిన్నెలను, అదే మాసంలో, అంతే దూరాన్నుంచి చూసి, తేదీ వేసి, ఫోటో తీసి, లెక్క రాసిపెడితే పదేళ్ళకు జవాబు వస్తుంది. ఆరేడు గ్రామానికి ఒక నీలకంఠన్ వచ్చాడు. మన తిన్నెలకు ఎవరో వస్తారని ఎదురుచూడనక్కరలేదు. ఈ గట్టు మీద ఇళ్ళున్నవాళ్ళం మనమే ఉన్నాము.

ఆ రాసిపెట్టే పనికి అందమైన ఫోటో అక్కరలేదు. ఇది ఫలానా పిట్ట, ఫలానా చోట కూర్చున్నది అని తెలిస్తే చాలు. తీసినవాడి మూలాన అది లేచిపోలేదన్నది అన్నిటికన్న ముఖ్యం.

కుర్రవాడు లెన్సు కొనిపెట్టమంటే

ఇంట్లో కుర్రవాడో అమ్మాయో లెన్సు కావాలని మారాం చేస్తున్న తల్లిదండ్రులకు నా సలహా ఇది. మొదట లెన్సూ వద్దు, స్కోపూ వద్దు. ఎనిమిది రెట్లు, 42 మిల్లీమీటర్ల జంట దుర్భిణి, ఒక నోటుపుస్తకం కొనిపెట్టండి. ఒక ఏడాది చూడనివ్వండి. పాలపిట్ట ఏ తీగమీద వాలుతుందో, నీటికాకి ఏ మోడుమీద రెక్కలు ఆరబెట్టుకుంటుందో వాడికి వాడే తెలుసుకోవాలి. ఏడాది గడిచినా ఉత్సాహం ఉంటే అప్పుడు ఆలోచించండి.

ఏటి ఒడ్డునో, చెరువు గట్టునో, సముద్ర తీరానో ఉండేవారికి 65 మిల్లీమీటర్ల స్కోపు, గట్టి స్టాండు, ఫోను తొడుగు బాగా పనికివస్తాయి. స్టాండు దగ్గర పీనాసితనం చెయ్యకండి. గోదావరి గాలికి బక్క స్టాండు వణికితే స్కోపుకు పెట్టిన డబ్బంతా గాలికి పోయినట్లే. ఫోను పెట్టగానే బొమ్మ చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. కంగారు పడకుండా ఫోనులో బొమ్మను కొంచెం పెంచితే అది మాయమవుతుంది. వేలితో నొక్కకుండా, రెండు సెకన్లు ఆగి తీసే ఏర్పాటు పెట్టుకుంటే బొమ్మ అదరదు.

అడవి దాపున ఉండేవారికీ, ఎగిరే పిట్టల మీద మోజున్నవారికీ లెన్సే మంచిది. 150 నుంచి 600 మిల్లీమీటర్ల దాకా సాగే జూమ్ లెన్సు సుమారు రెండు కిలోల బరువు. మధ్యతరగతి మనిషి మెడకూ జేబుకూ అది చివరి హద్దు. 600 ఎఫ్ 4 లెన్సు మూడు కిలోలు. దాని వెల ఇక్కడ చెబితే ఇంట్లో ఆడవాళ్ళు పత్రిక దాచేస్తారు.

ఏది కొన్నా ఒక్క నియమం మాత్రం ఇద్దరికీ ఒకటే. గుడ్లు పెట్టే కాలంలో తిన్నె మీద కాలు పెట్టకూడదు. గూటి బొమ్మ తీసినా, ఎక్కడ తీసిందీ పదిమందికీ చాటకూడదు. పిట్ట తల నిక్కబెడితే ఆగిపోవాలి.

పొడుగు లెన్సు పిట్ట కంటిలోని మెరుపును చూపిస్తుంది. స్కోపు, మనం లేనప్పుడు పిట్ట ఎలా ఉంటుందో చూపిస్తుంది. మొదటిది గోడకు కట్టుకోవడానికి బాగుంటుంది. రెండోది, తల్లి పొట్ట తడుపుకొని వచ్చి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మి, నెమ్మదిగా గుడ్లమీద కూర్చునే దృశ్యం. ఆ నమ్మకాన్ని చెడగొట్టకుండా తీసిన మసక బొమ్మ ఒక్కటి నా దగ్గర ఉన్నది. దాన్ని చూసినవాళ్ళు అందులో పిట్ట ఎక్కడని అడుగుతారు. వేలు పెట్టి చూపించవలసి వస్తుంది.

అంత దూరంలో ఉండబట్టే, ఆ ఏడు అక్కడ రెండు పిల్లలు రెక్కలొచ్చి ఎగిరాయి.